వావివరుసలు, వివాహ చట్టాలు: పావగడ తాలూకా నేపథ్యంలో

తెలుగువాళ్లు పెళ్లి సంబంధం మాట ఎత్తగానే మొదట అడిగే ప్రశ్న 'వరుస అవుతుందా?' అన్నది. కులం, గోత్రం, జాతకం, కట్నకానుకల ప్రసక్తి ఆ తరువాతనే. ఈ 'వరుస' అన్న చిన్న మాటలో ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చు, ఎవరు ఆడరాదు అన్న పెద్ద శాస్త్రమంతా ఇమిడి ఉంది. మన పార్లమెంటు చేసిన వివాహ చట్టాలలో కూడా ఇదే విషయం ఉంది. కాని అక్కడ ఆ శాస్త్రం వేరే మాటలలో, వేరే లెక్కతో సాగుతుంది. ఈ రెండు లెక్కలూ కలిసేదెక్కడ, విడిపోయేదెక్కడ, విడిపోయిన చోట నష్టపోయేది ఎవరు అన్న సంగతిని పావగడ తాలూకాను ఆధారం చేసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పావగడను ఎన్నుకోవడానికి కారణం చెప్పాలి. ఇది కర్ణాటక రాష్ట్రం తుమకూరు జిల్లాలో ఉన్న తెలుగు సీమ. పటం చూస్తే దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశమే కనబడుతుంది. మడకశిర, రొద్దం, పెనుకొండ, కళ్యాణదుర్గం ఇరుగుపొరుగు ఊళ్లు. అనంతపురం సీమ 1800లో నిజాము చేతినుంచి కుంఫిణీకి దత్తమండలాలలో భాగంగా వెళ్లింది. పావగడ మైసూరు సంస్థానంలో ఉండిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినా, 1956లో భాషాప్రాతిపదికన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినా ఆ గీత మారలేదు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు అవతలివైపు జిల్లా పేరు మారింది, అంతే. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం అన్నది ఇక్కడి జీవనరీతి. పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి మాత్రం ఈ గీత ఎన్నడూ అడ్డు రాలేదు. కనుకనే ఒకే కుటుంబంలో కొందరు ఒక రాష్ట్రపు శాసనానికి, కొందరు మరొక రాష్ట్రపు శాసనానికి లోబడి ఉండటం ఇక్కడ మామూలు విషయం.

చట్టం లెక్క, వాడుక లెక్క

హిందూ వివాహ చట్టం 1955 మే 18న అమలులోకి వచ్చింది. దానిలోని 5వ సెక్షను పెళ్లికి ఉండవలసిన షరతులను చెబుతుంది. వాటిలో రెండు మన చర్చకు ముఖ్యం. వధూవరులు నిషిద్ధ సంబంధంలో ఉండరాదన్నది ఒకటి. సపిండులై ఉండరాదన్నది మరొకటి. నిషిద్ధ సంబంధాల జాబితాలో అన్నాచెల్లెళ్లతోపాటు ఇంగ్లీషు మూలంలో 'అంకుల్, నీస్' అన్న జంట ఉంది. ఒక అన్నాచెల్లెలి పిల్లలు, ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు, ఇద్దరు అక్కచెల్లెళ్ల పిల్లలు - ఈ మూడు తరగతులనూ అదే జాబితాలో ఒకే వరుసన కూర్చారు.

తెలుగు చెవికి ఈ కూర్పు వింతగా వినిపిస్తుంది. మన భాషలో అన్నదమ్ముల పిల్లలు తమలో తాము అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అక్కచెల్లెళ్ల పిల్లలూ అంతే. వాళ్లమధ్య పెళ్లి ఊహకే రాదు. కాని అన్నాచెల్లెలి పిల్లలు బావామరదళ్లు. ఆ పిలుపులోనే పెళ్లికి అర్హత ఉంది. 'అంకుల్' అన్న ఒక్క మాట కింద మనకు పెదనాన్న, చిన్నాన్న, మేనమామ ఉన్నారు. 'నీస్' అన్న మాట కింద అన్నకూతురూ ఉంది, అక్కకూతురూ ఉంది. మగవానికి అన్నకూతురు కూతురే. అక్కకూతురు మేనకోడలు. 'కోడలు' అన్న మాట ఆ పేరులోనే ఉండటం యాదృచ్ఛికం కాదు. అత్త, మామ అన్న పదాలు తోబుట్టువుల వైపు బంధువులకూ, పెళ్లితో వచ్చిన బంధువులకూ ఒకటే కావడం మేనరికం పాతుకుపోయిన భాషల లక్షణం. అమెరికా పండితుడు లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రచురించిన బంధువాచకాల పట్టికలలో తెలుగు, తమిళం, కన్నడం చేరాయి. అప్పటినుంచి ఈ పద్ధతిని 'ద్రావిడ బంధుత్వ వ్యవస్థ' పేరుతో పండితులు చర్చిస్తూనే ఉన్నారు. కన్నడంలో కూడా 'వావె', 'వరసె' అన్న మాటలున్నాయి. కనుక పావగడలో తెలుగు కుటుంబానికీ కన్నడ కుటుంబానికీ ఈ విషయంలో తగవు లేదు. తగవంతా ఈ రెండు భాషలకూ, చట్టం రాసిన భాషకూ మధ్యనే.

సపిండత్వం సంగతి చూద్దాం. చట్టం ప్రకారం తల్లివైపు మూడు తరాలు, తండ్రివైపు అయిదు తరాలు లెక్క. ఎవరి తరం లెక్కిస్తున్నామో ఆ మనిషి మొదటి తరం. మేనమామ కూతురిని చేసుకొనే అబ్బాయిని తీసుకొందాం. అతడు ఒకటి, తల్లి రెండు, తల్లితండ్రి మూడు. అమ్మాయి వైపునుంచి ఆమె ఒకటి, తండ్రి రెండు, తాత మూడు. ఇద్దరికీ తాత ఒకడే, ఇద్దరి లెక్కా హద్దులోపలే. కనుక వాళ్లు సపిండులు. మేనమామ, అక్కకూతుళ్ల మధ్య సంబంధం ఇంకా దగ్గరిది. అంటే చట్టాన్ని అక్షరాలా చదివితే మేనరికాలన్నీ రెండు షరతులకూ విరుద్ధమే. అలాంటి పెళ్లి 11వ సెక్షను కింద చెల్లదు. 18వ సెక్షను కింద నెల వరకు సాధారణ ఖైదు, వెయ్యి రూపాయల వరకు జరిమానా కూడా ఉన్నాయి.

మరి దక్షిణాదిలో ఇన్ని మేనరికాలు ఎలా చెల్లుతున్నాయి? ఆ రెండు షరతుల చివరా ఒక మినహాయింపు ఉంది. ఇరువురికీ వర్తించే ఆచారం అనుమతిస్తే నిషేధం లేదు. ఈ ఒక్క వాక్యం మీద దక్షిణదేశంలో లక్షల సంసారాలు నిలిచి ఉన్నాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటకలో పెళ్లయిన స్త్రీలలో నాలుగో వంతుకు పైగా రక్తసంబంధీకులనే పెళ్లాడినట్టు తేలింది.

ఈ మినహాయింపు శాసనకర్తల దయ అనుకోరాదు. బౌధాయన ధర్మసూత్రమే దక్షిణాది వారి ప్రత్యేకాచారాలలో మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్లాడటాన్ని పేర్కొన్నది. 14వ శతాబ్దిలో మాధవాచార్యుడు పరాశరస్మృతి వ్యాఖ్యలో దీనిని సమర్థించాడు. రెండువేల ఏండ్లుగా ఉత్తర దక్షిణాల మధ్య ఉన్న వాదాన్ని 1955 చట్టం తేల్చలేదు. ఉత్తరాది నియమాన్ని సూత్రంగానూ, దక్షిణాది నియమాన్ని మినహాయింపుగానూ ఉంచింది.

ఆచారాన్ని రుజువు చేయడం

సూత్రానికి రుజువు అక్కరలేదు, మినహాయింపుకు కావాలి. ఇందులోనే చిక్కు ఉంది. ఆచారం ఉన్నదని ఎవరు అంటారో వాళ్లే దానిని నిరూపించాలి. చట్టంలోని నిర్వచనం ప్రకారం ఆ ఆచారం చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా పాటిస్తున్నదై ఉండాలి. స్పష్టంగా ఉండాలి. అసంగతమూ ప్రజానీతికి విరుద్ధమూ కారాదు. ఢిల్లీ హైకోర్టు 2024 జనవరిలో సపిండ వివాహ నిషేధం రాజ్యాంగబద్ధమే అని తీర్పు చెప్పింది. ఆ కేసులో ఆచారాన్ని నిరూపించలేకపోయిన స్త్రీ వివాహం అంతకు ముందే చెల్లనిదిగా తేలింది.

దక్షిణాది కోర్టులకు మేనరికం కొత్త కాదు. పదేపదే రుజువైన ఆచారాన్ని ప్రతిసారీ మొదటినుంచి నిరూపించమని కోర్టు అడగనక్కరలేదు. అయినా కొన్ని చోట్ల ప్రశ్న మిగిలే ఉంటుంది. చాలా కులాలలో అక్కకూతురు వరుస అవుతుంది, చెల్లెలి కూతురు కాదు. వేర్వేరు కులాలవారు పెళ్లాడితే ఆచారం 'ఇరువురికీ' ఉండాలన్న మాట అడ్డు తగులుతుంది. రిజిస్ట్రారు కచేరీలో ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకొనేవారికి ఇంకొక ఇబ్బంది ఉంది. ఆ చట్టం మేనమామ కూతురినీ, మేనత్త కూతురినీ కూడా నిషిద్ధుల జాబితాలో చేర్చింది. అక్కడ ఆచారం ఇద్దరిలో ఒక్కరికి ఉన్నా చాలు. కాని ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించి ఉండాలి. ఊరి పెద్దల మాట అక్కడ చాలదు.

సాక్ష్యం విషయంలో భాషను చదివేవారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం 49వ సెక్షనులో, ఒక ప్రాంతంలో గాని ఒక వర్గంలో గాని వాడే మాటల అర్థం తేల్చవలసి వస్తే, ఆ మాటలు బాగా తెలిసినవారి అభిప్రాయం సాక్ష్యంగా పనికివస్తుందని ఉండేది. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో కూడా ఈ నియమాన్ని నిలుపుకొన్నారు. అంటే 'మేనకోడలు' అంటే ఎవరు, 'వరుస' అంటే ఏమిటి అన్నది కోర్టులో సాక్ష్యమయ్యే విషయమే. 'నీస్' అన్న మాటను కన్నడంలోకి, కన్నడం నుంచి తెలుగులోకి మార్చేటప్పుడు అన్నకూతురూ అక్కకూతురూ కలిసిపోతే అది భాషాదోషంతో ఆగదు. ఒక స్త్రీ భార్య అవునా కాదా అన్న ప్రశ్న అయి కూర్చుంటుంది.

వివాహం చెల్లదని తేలితే పిల్లలు అక్రమ సంతానం కారు. 16వ సెక్షను వాళ్లను కాపాడుతుంది. కర్ణాటకనుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 1న, అలాంటి పిల్లలకు ఉమ్మడి ఆస్తిలో తండ్రికి రాదగిన భాగంలో వాటా ఉంటుందని స్పష్టం చేసింది. కాని భార్యకు అంతటి రక్షణ లేదు. భర్త పోయినప్పుడు వారసురాలిగా ఆమె స్థానమే పోతుంది. కనుకనే రుజువు భారం చివరకు ఆడవారిమీద పడుతుందని మా అభిప్రాయం.

వయస్సు: గీతకు అటూ ఇటూ

ఇంతవరకు చెప్పినది దేశమంతటికీ ఒకటే అయిన శాసనం. ఇకమీద చెప్పబోయేవి రాష్ట్రాన్నిబట్టి మారేవి. వీటిలో మొదటిది వయస్సు. మైసూరు సంస్థానం 1894లోనే ఎనిమిదేండ్లు నిండని ఆడపిల్లల పెళ్లిళ్లను నిషేధించింది. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏండ్లు నిర్ణయించింది. 1978 సవరణతో అది 18, 21 అయింది. ఆడవారికి కూడా 21 చేయాలన్న బిల్లు 2021 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది గాని, 2024లో సభ రద్దు కావడంతో అదీ మురిగిపోయింది.

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం బాల్యవివాహం చేయడం నేరం. అయితే జరిగిన పెళ్లి దానంతట అదే రద్దు కాదు. మైనరుగా పెళ్లయినవారు కోర్టుకు వెళ్లి రద్దు కోరాలి. ఆడపిల్ల విషయంలో ఆమెకు 20 ఏండ్లు నిండేలోగా అడగాలి. అడగకపోతే పెళ్లి నిలుస్తుంది. కర్ణాటక 2016 నాటి సవరణతో దీన్ని మార్చింది. ఆ సవరణ అమలులోకి వచ్చాక జరిగిన ప్రతి బాల్యవివాహమూ మొదటినుంచే చెల్లదు. సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న ఇచ్చిన ఒక తీర్పులో ఈ సవరణను మెచ్చుకొని, ఇతర రాష్ట్రాలు కూడా అనుసరిస్తే మంచిదని చెప్పింది.

దీనివల్ల పావగడ సీమలో ఏర్పడే స్థితిని ఆలోచించండి. పదిహేడేండ్ల అమ్మాయికి పావగడ తాలూకాలోని ఊళ్లో పెళ్లి చేస్తే అది పెళ్లే కాదు. నాలుగు కోసుల దూరంలో ఆంధ్రలోని గుడిలో చేస్తే, అమ్మాయి రద్దు కోరేదాకా అది పెళ్లి. ఒకే కుటుంబం, ఒకే పురోహితుడు, ఒకే ముహూర్తం అయినా, పెళ్లి ఎక్కడ జరిగిందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. 'మొదటినుంచే చెల్లదు' అన్నది అమ్మాయికి మేలు చేసే మాటగా కనిపిస్తుంది, చాలావరకు మేలే కూడా. కాని 2006 చట్టంలో భరణం, నివాసం, బిడ్డల సంరక్షణ గురించిన నియమాలు కోర్టు రద్దు డిక్రీ ఇచ్చే సందర్భాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవి. డిక్రీ అక్కరలేకుండానే చెల్లని పెళ్లికి వాటిని ఎలా అన్వయించాలన్నది న్యాయవాదులు వాదించుకోవలసిన విషయంగా మిగిలింది.

ఆడపిల్ల పాలు

రెండవది ఆస్తి. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు లేదన్నది పాత మితాక్షర న్యాయం. దాన్ని ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేటట్టు మార్చింది. ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానమైన హక్కు వచ్చింది. కర్ణాటక ఇదే పని 1994 జూలై 30 నుంచి చేసింది. అక్కడా అప్పటికే పెళ్లయినవారికి హక్కు లేదు.

ఒక ఉదాహరణ చెబుతాము. 1988లో ఇద్దరు మరదళ్లకు పెళ్లయిందనుకొందాం. ఒకరిది రొద్దం, ఒకరిది పావగడ. పుట్టింటి పొలాలు ఒకే వాగుకు అటూ ఇటూ. రొద్దం అమ్మాయికి పాలు వచ్చింది. పావగడ అమ్మాయికి రాలేదు. ఆమె చేసిన తప్పల్లా గీతకు ఇవతల పుట్టడమే. కేంద్రం 2005 సెప్టెంబరు 9న చేసిన సవరణతోనే ఈ తేడా పోయింది. పెళ్లయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానమన్నది అప్పటి నియమం. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన భాగపరిష్కారాలను మాత్రం అది కదిలించదు. సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది.

ఇందులో ఒక చారిత్రక వైచిత్రి కూడా ఉంది. స్త్రీలకు ఆస్తి విషయంలో పావగడ ఎప్పుడూ వెనకబడి లేదు. మైసూరు సంస్థానం 1933లోనే హిందూ స్త్రీల హక్కుల శాసనం చేసి, భాగాలు పంచేటప్పుడు వితంతువులకూ పెళ్లికాని కూతుళ్లకూ కొంత వాటా ఇచ్చింది. అనంతపురం సీమకు వర్తించిన బ్రిటిషు ఇండియా చట్టం 1937లో వచ్చింది, అదీ వితంతువులకే. యాభై ఏండ్ల తరువాత తక్కెడ అటు మొగ్గింది.

హక్కు కాగితంమీద వచ్చినంతమాత్రాన చేతికి రాదన్నది అందరికీ తెలిసినదే. అటు 'హక్కు విడుదల పత్రం', ఇటు 'హక్కు బిడుగడె పత్ర'. పేరు మారినా పని ఒకటే. పుట్టింటి పోకరాకలు నిలవాలని, చీరె సారె పెట్టించుకొని ఆడబిడ్డ వేలిముద్ర వేసే కాగితం అది. మేనరికంలో ఈ సంగతి మరింత జటిలం. పాలు అడిగితే అన్న ఒక్కడితోనే కాదు, కాబోయే వియ్యంకుడితో కూడా తగవు పెట్టుకొన్నట్టే.

పేరు ఒకటి, జాబితాలు రెండు

మూడవ తేడా చాలామంది గమనించనిది. హిందూ వివాహ చట్టం, హిందూ వారసత్వ చట్టం రెండూ తమ రెండవ సెక్షనులోనే, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించవని చెబుతాయి. పావగడ తాలూకాలో నాయక కుటుంబాలు చాలా ఉన్నాయి. 1991 సవరణతో కర్ణాటకలో బేడ, వాల్మీకి అన్న పేర్లు కూడా నాయకులతోపాటు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరాయి. అవతలివైపు వాళ్ల బంధువులైన బోయలు వెనకబడిన తరగతులలో ఉన్నారు. వాల్మీకులకు తెగ హోదా ఉన్నది ఉత్తరాన ఏజెన్సీ ప్రాంతాలలోనే.

అంటే కళ్యాణదుర్గం వైపు బోయ ఇంటి కూతురికి 2005 సవరణ నేరుగా వర్తిస్తుంది. పావగడ వైపు నాయకుల ఇంటి కూతురు, తన కుటుంబం హిందూ న్యాయాన్నే పాటిస్తున్నదని కోర్టులో వాదించుకోవలసి రావచ్చు. వేలువిడిచిన అక్కచెల్లెళ్లయినా ఇంతే. తెగల స్త్రీలకు వారసత్వ హక్కు కల్పించేటట్టు చట్టాన్ని సవరించే విషయం పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 డిసెంబరు 9న కేంద్రాన్ని కోరింది. బాల్యవివాహ నిషేధ చట్టానికి మాత్రం ఈ మినహాయింపు లేదు. అది అందరికీ ఒకటే.

ముగింపు

పైన చెప్పినదాన్ని క్రోడీకరిస్తే, జాతీయ వివాహ చట్టం ఒకటే అయినా అది మూడు ద్వారాలు తెరిచి ఉంచింది. ఆచారం ఒకటి, రాష్ట్ర సవరణ ఒకటి, తెగల మినహాయింపు ఒకటి. పావగడవంటి సీమలో ఈ మూడింటిలోనుంచీ ఒకేసారి గాలి వీస్తుంది. ఉమ్మడి పౌరస్మృతి గురించి దేశంలో వాదోపవాదాలు జరుగుతున్న ఈ రోజులలో, ఆ చర్చ మతాల మధ్య భేదంతోనే ముగిసిపోరాదు. ఒకే మతంలో, ఒకే భాషలో, ఒకే ఇంటిలో ఉన్న భేదాలు కూడా అందులో భాగమే. మేనరికం ఆరోగ్యానికి మంచిదా కాదా అన్నది వైద్యులు చెప్పవలసిన వేరే విషయం. ఇప్పటికే కాపురం చేస్తున్న ఇల్లాలి హోదాను ఒక అనువాద దోషానికి వదిలివేయరాదన్నది మాత్రం భాషాధ్యయనం చేసేవారు చెప్పగల మాట.

కనుక సరిహద్దు సీమలోని తెలుగువారికి మా మనవి ఇది. మేనరికమైనా, బయటి సంబంధమైనా పెళ్లిని రిజిస్టరు చేయించండి. సుప్రీంకోర్టు 2006 ఫిబ్రవరి 14న అన్ని రాష్ట్రాలనూ ఇందుకు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం, కర్ణాటకలో 1976 నాటి చట్టం ఇందుకోసం ఉన్నాయి. రిజిస్టరు అయినంతమాత్రాన ఆచారం రుజువు కాదు గాని, పెళ్లి ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ జరిగిందన్న వివాదం ఉండదు. తెలుగు విభాగాలలో పరిశోధన చేసే విద్యార్థులకు మరొక మాట. ఏ కులంలో ఎవరిని ఏమని పిలుస్తారు, ఎవరు వరుస అవుతారు, ఎవరు కారు అన్నది ఊరివారీగా, కులంవారీగా, చెప్పినవారి వయస్సుతో సహా రాసిపెట్టండి. నిఘంటువుకు అది ఒక పుట మాత్రమే కావచ్చు. ఏదో ఒకనాడు పెనుకొండ కోర్టులోనో పావగడ కోర్టులోనో నిలబడే ఒక మేనకోడలికి అదే సాక్ష్యం కావచ్చు.